బీడుకు కౌలు కట్టిన రాణి

ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి, చెబుతాను. అనగనగా నల్లరేగడి నేలల నడుమ ఒక చిన్న రాజ్యం. ఆ రాజ్యానికి వల్లభాంబ అని ఒక రాణి. ఆమెకు నగల మీద మోజు లేదు, వేట మీద మోజు లేదు. ఉన్న పిచ్చల్లా ఒక్కటే, ఎందుకు అని అడగడం. వంటవాడు ఎదురైతే పాలెందుకు పొంగుతాయి అంటుంది. పురోహితుడు ఎదురైతే గ్రహణం ఎందుకు పడుతుంది అంటుంది. పాపం, ఆమె కంటబడకుండా పక్కదారిన పోయేవాళ్ళు కూడా ఉండేవారు.

కోటకు తూర్పున కనుచూపు మేరా గడ్డి బీడు. అందులో బట్టమేకలు ఉండేవి. పేరు విని మేకలనుకునేరు, అవి పక్షులు. నిలబడితే మనిషి నడుమంత ఎత్తు, నడిస్తే పెళ్ళిపెద్ద నడక. వానాకాలం వచ్చిందంటే మగపక్షులు మెడలు ఉబ్బించి కూసేవి. ఆ కూత నాలుగు దిక్కులా వినిపించేది.

ఒక ఏడాది వానలు కురిశాయి కానీ, కూత మాత్రం ఒక్క మూల నుంచే, అదీ నీరసంగా వినిపించింది. ఎందుకా అని రాణి గుర్రమెక్కి వెళ్ళి చూసింది. బీడు సగానికి సగం దుక్కి అయిపోయింది. మిగిలిన గడ్డిలో ఒకే ఒక్క జంట తిరుగుతోంది. ఆ పక్షి ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డు, అదీ కటిక నేల మీద. ఈ జంట కాస్తా పోతే ఆ రాజ్యంలో బట్టమేక అన్న మాటే ఉండదు. రాణి తిన్నగా కోటకు వచ్చి ఖజానా లెక్క తీయించింది.

కరువుకాలానికి దాచింది పోను ఖజానాలో మూడు మూటల వరహాలు మిగిలాయి. "ఈ మూడూ ఇక బట్టమేకలవి. వాటిని ఎలా కాపాడాలో చెప్పండి," అంది సభలో.

మంత్రి బసవప్రగడ లేచాడు. "గోడ కట్టిద్దాం, అమ్మా. నాగలి లోపలికి ఎలా వస్తుందో చూద్దాం."

మొదటి మూట విప్పారు. నిలువెత్తు గోడ లేచింది. గోడకు మంత్రిగారి పేరుతో శాసనం కూడా లేచింది. ఆడపక్షి గుడ్డు పెట్టింది. గోడ నీడన నక్కిన నక్క దాన్ని తినిపోయింది.

మరుసటి ఏడు నగరశెట్టి మారయ్య లేచాడు. "పక్షి అన్నాక చెట్టు ఉండొద్దా తల్లీ? గోడ తీయించి తోట వేయిద్దాం."

రెండో మూట విప్పారు. ఎదిగిన వేపలూ చింతలూ బళ్ళ మీద వచ్చి దిగాయి. బట్టమేకేమో చెట్టెక్కే పక్షి కాదు, దాని కాళ్ళకు కొమ్మ పట్టు చిక్కదు. కాకులకు మాత్రం పండగ అయింది. కొమ్మల మీద కూర్చుని గుడ్డు పెట్టేదాకా చూసి, పొడిచి తినేశాయి.

మూడో ఏడు సభ నిండా సలహాలే. పక్షులకు వెండి పంజరం చేయిద్దామన్న మహానుభావుడూ ఉన్నాడు. రాణి చెయ్యెత్తి ఆపింది. "ఊళ్ళో అందరినీ అడిగాను. కాపాడాల్సిన ఆ పక్షిని మాత్రం అడగలేదు," అంది. చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది.

ఒంటరిగా వెళ్ళి గడ్డిలో కూర్చుంది. పొద్దు వాలేవేళకు ఆడపక్షి దగ్గరికి వచ్చింది.

"నీకేం కావాలి?" అంది రాణి.

"ఇన్నాళ్ళకు అడిగావా తల్లీ," అంది పక్షి. "గోడ కట్టావు, నక్క ఎక్కడుందో కనబడలేదు. చెట్లు నాటావు, కాకికి మంచె దొరికింది. నాకు గడ్డి కావాలి, నాలుగు దిక్కులా చూపు ఆనాలి, నాగలి రాకూడదు. అంతే."

"మరి దీనికి ఖర్చేముంది?"

"అది నాకేం తెలుసు? దున్నేవాళ్ళను అడుగు."

బీడు అంచున కంబమ్మ అనే రైతు ఎద్దులను తోలుతోంది. రాణి వెళ్ళి, ఎందుకు దున్నుతున్నావని అడిగింది.

"నాకేమన్నా పిట్టల మింద పగా రాణెమ్మా? బీడు పెట్టుకుంటే పొయ్యి మింద ఏముడుకుతాది? నా బిడ్డలు గడ్డి తింటారా?" అంది కంబమ్మ.

రాణి కోటకు తిరిగి వచ్చింది. తెల్లవారి సభలో చెప్పింది. "చెట్లు తీయించండి. ఆ బీడుకు నేను కౌలు కడతాను. రైతులు గడ్డి కోసుకోవచ్చు, పక్షిపిల్ల ఎగిరిపోయాక గొర్రెలు మేపుకోవచ్చు. నాగలి మాత్రం దించకూడదు."

మంత్రి నవ్వు ఆపుకోలేకపోయాడు. "దున్నుకోవడానికి కౌలు కట్టడం విన్నాం గానీ, దున్నకుండా ఉండడానికి కౌలేమిటమ్మా? వచ్చినవాళ్ళకు చూపించడానికి గోడా లేదు, తోటా లేదు."

"లేకపోతే పోయె. బీడే చూపిద్దాం," అంది రాణి.

ఉన్నది ఒక్క మూట. పంచిపెడితే రెండేళ్ళలో ఊడ్చుకుపోతుంది. అందుకని మారయ్య చేత దాన్ని వ్యాపారంలో తిప్పించి, ఏటా వచ్చే లాభంతో కౌలు కట్టే ఏర్పాటు చేసింది. ఆ పనిలో శెట్టిగారికి వంక పెట్టడానికి లేదు.

"మద్దెలో ఆపేస్తే మా గతేంది?" అంది కంబమ్మ. అడగాల్సిన మాటే. రాణి మొదటి ఏడాది కౌలు ముందుగానే చేతిలో పెట్టించింది. నాగళ్ళు ఇంటిదారి పట్టాయి.

ఆడపక్షి మళ్ళీ గుడ్డు పెట్టింది. రాణి రోజూ వచ్చి దూరాన నిలబడేది. దగ్గరికి వెళ్ళాలని ప్రాణం లాగేది, వెళ్ళేది కాదు. నక్క వస్తే పక్షి దూరం నుంచే చూసి అరిచేది. కంబమ్మ కర్ర పట్టుకుని పరిగెత్తేది. ఇప్పుడు ఆ పక్షి ఉంటేనే కదా ఆమె పొయ్యి రగిలేది.

ఒకనాటి ఉదయం కంబమ్మ చెయ్యూపి పిలిచింది. రాణి ఏదో అడగబోయింది.

"మాట్లాడొద్దు తల్లీ, చూడు," అంది కంబమ్మ.

గడ్డి కదిలింది. తల్లి వెనకాలే, తప్పటడుగులు వేస్తూ ఇసుకరంగు పిల్ల ఒకటి బయటికి వచ్చింది. రాణికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

కాబట్టి పిల్లలూ, ఒక ప్రాణిని కాపాడాలని మూట విప్పేముందు దానికేం కావాలో దాన్నే అడగాలి, దానికి చోటిచ్చినవాళ్ళ కడుపూ చూడాలి.