తడిక మూయని కొట్టం

"కొట్టినన్నాళ్ళూ కాపురం చేసిందయ్యా. కొట్టడం మానేశాక పుట్టింటికి పోయింది. ఎందుకంటారు?"

కోటిలింగం ఈ మాట అడిగినప్పుడు సైదయ్యగారు మఠం అరుగు మీద కూర్చుని విత్తనానికి వేరుశెనక్కాయలు ఒలుస్తున్నారు. ఎవరేం అడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పని అప్పజెప్పేవారు. చీపురు ఇచ్చేవారు, లేకపోతే పార ఇచ్చేవారు. జవాబు ఆ పనిలో దొరికితే దొరికినట్టు. దొరక్కపోతే మఠం అన్నా శుభ్రపడేది.

కోటిలింగానిది సున్నపు బట్టీ. కష్టం చేస్తాడు, తాగడు, ఎవరి సొమ్మూ ఆశించడు. కోపం మాత్రం ఆ బట్టీ లాంటిదే. పైకి బూడిద కప్పుకుని ఉంటది, చెయ్యి పెడితే కాలుద్ది. పెళ్ళయిన కొత్తలో పెళ్ళాం సామ్రాజ్యాన్ని చేతికి ఏది అందితే దాంతో కొట్టాడు. తర్వాత మఠానికి రావడం మొదలుపెట్టి, ఇంక ఆడమనిషి మీద చెయ్యెత్తనని సైదయ్యగారి ముందు మాటిచ్చాడు. ఎత్తలేదు కూడా. అందులో అబద్ధం లేదు. రెండేళ్ళు ఆ ఇంట్లో కేక వినపడలేదు, ఏడుపు వినపడలేదు. అట్టాంటి ఇంట్లో నుంచి ఆమె ఒక పొద్దున పిల్లని చంకనేసుకుని వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరి మధ్యా ముందురోజు గొడవేమీ జరగలేదు. పెద్దమనుషులు పోయి అడిగితే, ఆయన ఇప్పుడు కొట్టడు, ఆ మాట నిజమే అని ఒప్పుకుందంట. అంతకు మించి చెప్పలేదు. కోతలయ్యాక మఠానికే వస్తానని, కాపురానికి వచ్చేదీ రానిదీ గురువుగారి ముందే చెప్పేస్తానని కబురు పంపింది. కోటిలింగానికి అన్నం దిగట్లేదు. పిల్ల లేని ఇల్లు ఎట్టా ఉంటదో అప్పుడు తెలిసింది అతనికి.

సైదయ్యగారు ఒలిచిన గింజలు చాటలో పోసి, మీరావలికి నడుం పట్టేసిందని, గుర్రం పని చూసేవాళ్ళు లేరని, కోతలయ్యేదాకా ఇక్కడే ఉండి చూడమని అన్నారు. అంతే. అడిగిన మాట సంగతి ఎత్తలేదు.

ఆ గుర్రం సంగతి చెప్పాలి. తెల్లటిది, చూడ్డానికి ముచ్చటగా ఉంటది. ఒకప్పుడు బ్యాండుమేళం వాళ్ళ దగ్గర పెళ్ళి ఊరేగింపులకి తిరిగేది. ఒక ఊరేగింపులో పెళ్ళికొడుకుని తీసుకెళ్ళి మురుగ్గుంటలో పడేసి, లేపడానికి వచ్చిన మామగారి భుజం కొరికింది. ఆ తర్వాత దాన్ని ఇంక ఎవరు పిలుస్తారు? దాని యజమాని తెలివిగలవాడు. మొక్కు ఉందని చెప్పి, నుదుటికి పసుపు రాసి, తోలుకొచ్చి మఠంలో కట్టేసిపోయాడు. మఠానికి ఇచ్చిన దాన్ని అమ్మకూడదు, ఇంకొకరికి ఇయ్యకూడదు. పెద్దగురువుల కాలం నుంచి అక్కడ అది కట్టుబాటు. సొట్టగిన్నె ఇచ్చినా దాంట్లోనే వండుకోవాలి. అందుకని ఆ గుర్రాన్ని గడ్డిబండికి కట్టుకుంటూ, దాంతోనే కాలం గడుపుతున్నారు. అందరూ దాన్ని పెళ్ళికొడుకు అనే పిలిచేవాళ్ళు.

మీరావలి ముసలాయన. ఒకప్పుడు జట్కా తోలిన మనిషి. నడుముకి వేడి ఇటుకతో కాపడం పెట్టుకుంటూ కొట్టం బయట మంచం మీద కూర్చుని ఉన్నాడు. కోటిలింగాన్ని చూడగానే, "రా అల్లుడూ, లోపల నీకు తోడల్లుడు ఉన్నాడు" అన్నాడు.

తోడల్లుడు మొదటి పూటే మోచెయ్యి పళ్ళతో పట్టుకున్నాడు. కోటిలింగం ఒళ్ళు మండి బండిలో ఉన్న చర్నాకోల అందుకున్నాడు. మీరావలి ఆపలేదు. కొట్టమనే చెప్పాడు. తనూ అన్ని రకాలుగా కొట్టి చూశానని, కొట్టినప్పుడు అది ఊరుకునేదని, మర్నాడో ఆ మర్నాడో తను ఏమరుపాటుగా ఉన్నప్పుడు చూసి తీర్చుకునేదని చెప్పి, చొక్కా పైకెత్తి పక్కటెముకల మీద గిట్ట దిగిన గుంట చూపించాడు. కోటిలింగం చర్నాకోల బండిలో పడేశాడు.

తర్వాత పని నేర్చుకున్నాడు. కొట్టంలో అడుగు పెట్టే ముందు గొంతు సవరించుకోవాలి, మనిషి వస్తున్నాడని దానికి తెలియాలి. నడిమధ్యన నడవకూడదు, గోడ వారగా పోవాలి. ఉలవల బకెట్ చెయ్యి చాపినంత దూరంలో పెట్టి వెనక్కి తగ్గాలి. దాని మొహం చూసి లాభం లేదు, చెవులు చూస్తూ ఉండాలి. చెవులు వెనక్కి వాలినయ్యా, చేస్తున్న పని అక్కడికక్కడ వదిలెయ్యాలి. వీటన్నిటికన్నా మీరావలి పదేపదే చెప్పింది తడిక సంగతి. లోపలికి పోయాక వెనకాల తడిక మూయకూడదు. గాలికి అదే మూసుకోబోతే మడమ అడ్డం పెట్టి ఆపాలి.

"బయటికి దోవ ఉండాల అల్లుడూ. దోవ లేకుండా దాని దగ్గర నిలబడబాకు."

మొదట్లో కోటిలింగం ఇవన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని చేసేవాడు. కొన్నాళ్ళకి ఆ గుర్తు తెచ్చుకోవడం కూడా పోయింది. ఒళ్ళే చేసుకుపోయేది. వంటింట్లోకి పోతూ కూడా గొంతు సవరించుకుంటుంటే వంట చేసే ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు, మేమేమన్నా తంతామా అని. గుర్రం కరవడం లేదు, తన్నడం లేదు. బండికి కడితే పోతుంది, విప్పితే వస్తుంది. మఠానికి వచ్చేపోయేవాళ్ళు కూడా, పెళ్ళికొడుకు నెమ్మదించాడే అనసాగారు. ఆ మాట కోటిలింగానికి తీపిగా ఉండేది. తన చేతిలో చలవ ఉందనుకున్నాడు. ఇంత మొండిజీవాన్ని మంచిచేసుకున్నవాడు, పెళ్ళాం వచ్చినప్పుడు ఆ మాటే చెప్పుకోవచ్చు కదా అనుకున్నాడు.

ఒకరోజు సైదయ్యగారి దగ్గరికి పోయి, గుర్రం మంచిదయిందని చెప్పాడు. ఆయన చేతులు కడుక్కుని, నిజంగా చూద్దామన్నట్టే కొట్టం దగ్గరికి వచ్చారు. కోటిలింగం ఎప్పటిలాగే లోపలికి పోయాడు, బకెట్ పెట్టాడు, తిరిగి వచ్చాడు. గుర్రం కదల్లేదు. సైదయ్యగారు బాగుందన్నారు. అని, ఈసారి చప్పుడు చెయ్యకుండా పొమ్మన్నారు. గోడ వారగా కాకుండా నడిమధ్యన పోయి, తడిక మూసుకుని, బకెట్ ఒళ్ళో పెట్టుకుని దాని ముందు కూర్చుని తినిపించమన్నారు. మంచిదయింది కదా, భయమేముంది అన్నారు.

కోటిలింగం బకెట్ తీసుకుని తడిక దాకా పోయాడు. లోపల గుర్రం తోకతో ఈగలు తోలుకుంటూ ఉంది. అదేమీ చెయ్యలేదు, ఇటు చూడను కూడా లేదు. అయినా అతనికి కాలు లేవలేదు. ఉలవల ఆవిరి మొహానికి కొడుతుంటే అట్టాగే నిలబడ్డాడు. చివరికి బకెట్ కింద పెట్టేశాడు. మీరావలి కూడా ఆ పూట ఎగతాళి చెయ్యలేదు.

సైదయ్యగారు వెనక్కి తిరుగుతూ ఒక్కమాట అన్నారు. "గుర్రం మారలేదురా. ఎక్కడ నిలబడాలో నువ్వు నేర్చుకున్నావు."

గొప్పలు చెప్పుకున్నందుకు పెట్టిన చివాట్లు అనుకున్నాడు కోటిలింగం. తల వంచుకుని గుర్రపు లద్దె ఎత్తుకున్నాడు.

కోతలయ్యాయి. సామ్రాజ్యం తమ్ముణ్ణి తోడు తెచ్చుకుని వచ్చింది. పిల్లని తేలేదు. కోటిలింగం పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, మఠం ముందు గదిలో తలుపుకి దగ్గరగా కూర్చుని ఉన్నాడు. చెప్పాల్సింది అంతా లోపల అనుకుంటూనే ఉన్నాడు. ఇచ్చిన మాట తప్పలేదని, రెండేళ్ళుగా ఒక్క దెబ్బ వెయ్యలేదని, ఇంకేం తక్కువ చేశానో చెప్పమని. సైదయ్యగారు గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుని ఉన్నారు.

వాకిట్లో ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడయింది. తర్వాత సామ్రాజ్యం లోపలికి వచ్చింది. గది నడిమధ్యన దోవ అంతా ఖాళీగా ఉంటే, గోడ వారగా వచ్చింది. వాళ్ళమ్మ పంపిన పచ్చడి డబ్బా చెయ్యి చాపినంత దూరంలో అతని ముందు పెట్టి, వెనక్కి తగ్గి నిలబడింది. అతని మొహం వైపు చూడలేదు. చేతులు చూస్తూ ఉంది. బయట కళ్ళంలో తూర్పారబడుతున్నారు, పొట్టు లేచి గదిలోకి వస్తుంటే ఆమె తమ్ముడు తలుపు వెయ్యబోయాడు. సామ్రాజ్యం వెనక్కి తిరిగి చూడకుండానే తలుపుకి మడమ అడ్డం పెట్టింది.

కోటిలింగం "నేను" అని మొదలుపెట్టాడు. పొద్దుట్నుంచి అనుకున్నదంతా ఎటో పోయింది. ఆ మడమ వంక చాలాసేపు చూశాడు. ఆమె తమ్ముడు ఏదో అనబోతే సైదయ్యగారు చెయ్యెత్తి ఆపారు.

"ఎప్పట్నుంచి సామ్రాజ్యం?" అని అడిగాడు కోటిలింగం.

"ఏంది?"

"ఆ కాలు."

ఆమె కిందికి చూసుకుంది. ఎవరిదో కాలు అక్కడ ఉన్నట్టు చూసింది. తీయలేదు. ఆలోచించుకుని, దాచాల్సింది ఏమీ లేనట్టే చెప్పింది.

"పిల్ల కడుపులో పడ్డప్పట్నుంచి."

కోటిలింగం లేచాడు. అతను లేవగానే ఆమె అరడుగు వెనక్కి వేసింది, అదీ చూశాడు. ఆమె వైపు పోకుండా, గది లోపలి మూల ధాన్యం బస్తాలు ఉంటే వాటి పక్కకి పోయి కింద కూర్చున్నాడు. అక్కణ్ణుంచి తలుపు దగ్గరికి రావాలంటే గదంతా దాటాలి. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, కనపడేట్టు. ఇదంతా అతనికి ఎవరూ చెప్పలేదు.

సామ్రాజ్యం కాసేపు నిలబడే ఉంది. తర్వాత కొంగు దగ్గరికి తీసుకుని, గడపకి ఇవతల కూర్చుంది.

అప్పుడు మాట్లాడింది. కాపురానికి రానంది. ఇప్పుడు రాను, తర్వాత సంగతి నాకే తెలవదు, పెద్దమనుషుల్ని పంపొద్దు అంది. పిల్ల తన దగ్గరే ఉంటదని, చూడాలనుకుంటే వాళ్ళ ఊరొచ్చి పంచలో కూర్చుని చూసిపోవచ్చని అంది. కోటిలింగం అన్నిటికీ సరేనన్నాడు. పిల్ల మాట దగ్గర మాత్రం అతని గొంతు కొంచెం లేచింది. లేచిన గొంతు తనకే వినపడి ఆగిపోయాడు. ఊపిరి తీసుకుని, పిల్లకి కొత్త గౌను కుట్టిస్తే తేవచ్చా అని చిన్నగా అడిగాడు. తెమ్మంది. ఇంకా ఏవో ఇంటి సంగతులు, గేదె ఎప్పుడు ఈనుతుందని, బట్టీ పైకప్పు నేయించావా అని. పొద్దు వాలేవేళకి లేచి, తమ్ముణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది.

పచ్చడి డబ్బా అక్కడే ఉంది. కోటిలింగం బస్తాల పక్క నుంచి లేవలేదు. కళ్ళంలో పనివాళ్ళు చాటలు సర్దుకుని పోయేదాకా అట్టాగే ఉండి, అప్పుడు అడిగాడు.

"తిరిగి వస్తదంటారా అయ్యా?"

సైదయ్యగారు గోడ పట్టుకుని లేచారు. "నాకేం తెలుసురా" అన్నారు. గడప దాటబోయి ఆగారు. "ఇయ్యాల కూర్చుంది."