కాపలా కొంగ కాలిపుండు

“మన కోసం నిలబడిన కాలు మనందరి కాలు. దానికి ఏ కష్టం వచ్చినా సభే చూసుకుంటుంది.”

చెరువు సభకు అధ్యక్షురాలైన నక్క ఈ మాట అన్నరోజు బాతులన్నీ రెక్కలు చరిచాయి. సమష్టి బాధ్యత వర్ధిల్లాలని గట్టు దద్దరిల్లింది.

కొంగ తొమ్మిదేళ్లు ఆ గట్టున నిలబడి కాపలా కాసింది. నిలబడి నిలబడి కాలు వాచింది. చీలమండ పైన చర్మం నల్లబడింది. అక్కడే ఒక ముల్లు గీరుకుని పుండైంది. వాసన మొదలయ్యాక బాతులు పొమ్మనలేదు. దగ్గరదాకా ఈదుతూ వచ్చి, ముక్కు తిప్పుకుని మళ్లిపోయేవి.

నక్క సభ పెట్టింది. కొంగవదినకు విశ్రాంతి కావాలంది. అవతలి గట్టు తుమ్మచెట్టు కింద ఉంచుదామని, పుండు మానేదాకా అడుగు కదపకూడదని తీర్మానం చేయించింది. పసరు తనే పంపుతానంది. కాపలా కూడా తనే చూసుకుంటానంది. మాటలు కోటలు దాటాయి. పరామర్శకు ఒక్క కాలూ ఆ గట్టుకు దాటలేదు.

పసరు పూస్తే పుండు పొర కట్టేది, పదిరోజులకు మళ్లీ పగిలేది. పైన పటారం, లోన లొటారం. ఇవతల బాతులు ఏ మాటకు నవ్వుకుంటున్నాయో వినాలని కొంగ మెడ చాచేది. వినబడేది కాదు. ఆరు నెలలకు తనతో తనే మాట్లాడుకోవడం అలవాటైంది.

వానలు పడ్డాక తుమ్మకొమ్మకు గూడు అల్లడానికి గిజిగాడు వచ్చాడు.

“వాసనొస్తుంది నాయనా, వేరే చెట్టు చూసుకో,” అంది కొంగ.

“నా ముక్కు అల్లడానికే గాని అలగడానికి కాదు పెద్దమ్మా. ఏదీ, కాలు చూపించు.”

“పుండు ఇదిగో.”

“పుండు సరే. నేనడిగింది కాలు.”

గిజిగాడు వాపు మీద నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. వేళ్లు తాకి చూశాడు, వెచ్చగానే ఉన్నాయి. చల్లగా ఉంటే కాలికి నెత్తురే అందనట్టు, అప్పుడు కట్టు కట్టేవాణ్ని కాదన్నాడు. కిందికి దిగిన నెత్తురు పైకి ఎక్కలేకపోతోందని, వాపు తగ్గందే ఏ పసరూ పనిచేయదని చెప్పాడు. పుండు కడిగి, రెల్లునారతో వేళ్ల నుంచి మోకాలి దాకా కట్టు అల్లాడు, కింద బిగువుగా, పైకి పోనుపోను వదులుగా. పడుకుంటే కాలు ఎత్తున పెట్టుకోమన్నాడు.

“ఊరికే నిలబడకు. నడువు.”

“నక్క కదలొద్దందే?”

“నువ్వు కదలకపోతే మేలెవరికి పెద్దమ్మా?”

కొంగ కట్టు కట్టిన కాలు నేలకు ఆనించి చూసుకుంది. మర్నాడు పది అడుగులు వేసింది. వారానికి సగం గట్టు, రెండో నెలకు చెరువంతా చుట్టొచ్చేది.

ఒక మిట్టమధ్యాహ్నం బాతులు కునుకు తీస్తుంటే జమ్ముగడ్డిలోంచి నక్క పాకుతూ వచ్చింది. అన్నిటికన్నా బలిసిన బాతు మీదికి నోరు తెరిచేసరికి, నడకలో ఉన్న కొంగ వెనకనుంచి కేక పెట్టింది. బాతులు లేచిపోయాయి. దూకిన నక్క బురదలో మొహం దాకా దిగబడింది.

“కదలొద్దన్నాను కదా వదినా,” అంది బురదలోంచి.

“అన్నావు మరదలా. నడిస్తే తగ్గింది.”

బాతులు కాపలాకు తిరిగి రమ్మన్నాయి. కాలెలా ఉందని ఒక్కటీ అడగలేదు. కొంగ మిగిలిన సగం గట్టూ ఒంటరిగా నడుచుకుంటూ తుమ్మచెట్టు కిందికే వెళ్లిపోయింది.

నీతి: కాలిని చూడకుండా పుండుకు పూసిన మందు దండగ.

చెరువు సభకు ఈ కథ చెప్పినవారి ప్రశ్న ఒకటే. మనందరి కాలు అన్నారే, ఇన్ని నెలల్లో ఆ గట్టుకు ఒక్కరైనా ఎందుకు వెళ్లలేదు? కార్తీక పౌర్ణమి లోగా జవాబు కావాలి.