కోటలోకి వచ్చిన ఎండు చేపలు

చండవిక్రముడనే రాజుగారుండేవారు లెండి, ఆయనకు గొప్పలంటే మహా సరదా! ఒకనాడు పరదేశపు రాయబారి కొలువుకొచ్చి, "మా దేశంలో తినే సరుకంతా ఒక్క రాజధానిలోనే తయారవుతుంది. పది దేశాలకు అక్కణ్ణుంచే ఓడలెక్కుతుంది" అని కోతలు కోశాడు.

అంతే, రాజుగారు చిందులు తొక్కారు.

"మనకేం తక్కువ? బెల్లం చెరకు తోటల్లో, ఎండు చేపలు సముద్రం ఒడ్డున, ఈ చెల్లాచెదురేమిటి? నెలలోగా వీటిని చేసేవాళ్లందరూ నా కోటలోకి చేరాలి. రానివాళ్లు రాజ్యం విడిచిపోవాలి!"

ఇసుకపర్రు అనే రేవూళ్లో గోల పుట్టింది. తరతరాలుగా చేపలు ఎండబెట్టి బతికే ఊరది. నూకాలనే ఆవిడ పరుగున వచ్చి, కొలువులో మాటకారి వల్లభయ్య కాళ్ల మీద పడింది.

"బాబూ! సముద్రం ఒదిలితే మా బతుకు బుగ్గయిపోద్ది!"

"లే అమ్మా! అందరికంటే ముందు మీరే రండి. చోటు నేను చూపిస్తా" అన్నాడు వల్లభయ్య.

పచ్చి చేపలు రెండు రోజులు బండ్లలో ఊగి ఊగి కోట చేరాయి. వల్లభయ్య వాటిని ఎక్కడ పరిపించాడనుకున్నారు? సరిగ్గా రాజుగారి పడకగది కిటికీ కింద!

చుట్టూ ఎత్తయిన గోడలు. ఆకు కదలదు. అబ్బబ్బ, ఏం కంపు! ఈగలు ముసిరాయి. మర్నాటికి రాణిగారు పుట్టింటికి వెళ్లిపోయారు. రాయబారి చెప్పాపెట్టకుండా తన దేశానికి ప్రయాణం కట్టేశాడు.

రాజుగారు ముక్కు మూసుకుని పరుగెత్తుకొచ్చారు. "ఓరి వల్లభయ్యా! ఏమిటీ ఘోరం? వీళ్ల ఊళ్లోనూ ఇంతేనా?"

"లేదు ప్రభూ! అక్కడ వలలోంచి తీసిన చేపని తీసినట్టే ఇసుక మీద పరుస్తారు. ఉప్పుగాలి ఇట్టే ఎండగట్టేస్తుంది. మీ ఆజ్ఞకు మనుషులొచ్చారు, చేపలొచ్చాయి. సముద్రపు గాలి ఒక్కటే మొండికేసింది. దాన్ని కూడా రాజ్యం విడిచిపొమ్మని శాసనం రాయించమంటారా?"

నూకాలు కొంగు నోట్లో కుక్కుకుంది.

రాజుగారు ఒక్క క్షణం గుడ్లురిమి చూసి, పగలబడి నవ్వారు. "గాలితో నాకు పేచీ ఎందుకయ్యా! ఎవరి ఊళ్లో వాళ్లే చేసుకోండి. నూకాలూ, మీ వాళ్లను తీసుకుని ఇంటికెళ్లు తల్లీ, తొందరగా వెళ్లు!"

రాజుగారు ఒక చేత్తో మెళ్లో ముత్యాల హారం తీసి వల్లభయ్య మీదికి విసిరారు. రెండో చెయ్యి మాత్రం ముక్కు మీంచి తీస్తే ఒట్టు!