రాణిగారి పుల్లమామిడి

రాణి చెన్నాంబగారికి మూడో నెల. తిన్న మెతుకు కడుపులో నిలవడం లేదు. ఆవిడ నోరు తెరిచి అడిగింది ఒక్కటే, ఉప్పూ కారం అద్దిన పుల్లమామిడికాయ ముక్క.

ఆస్థాన వైద్యుడు భీమశాస్త్రి ససేమిరా అన్నాడు.

"జావ తప్ప మరేదీ ముట్టరాదు మహారాజా. నోరూరడం మనసు బలహీనత. మనసు చేతిలో ఉన్నవాడికి నోరూరదు. నాకు ఊరదు."

రాజు రామభూపతికి వైద్యుడి మీద గురి, భార్య మీద ప్రేమ. రెంటి మధ్యా నలిగిపోయి, చివరికి రాజులు చేసే పనే చేశాడు. సభ పెట్టాడు.

"శాస్త్రిగారి మాట తప్పని రుజువు చేస్తే ఈ ముత్యాల హారం ఇస్తాను. చేయలేకపోతే రాణికి జావే."

విదూషకుడు కూచనకు మాత్రం ఇది నవ్వులాటగా లేదు. పొద్దున పల్లకీ దిగుతున్న రాణిగారిని చూశాడు. చెంపలు పీక్కుపోయాయి. అతని మనసు చివుక్కుమంది.

సభలో శాస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఆయన మొదలుపెడితే ఆపడం బ్రహ్మతరం కాదు. కూచన ఆయన ఎదురుగా చతికిలబడి, కత్తిపీట ముందేసుకుని, పచ్చి మామిడికాయ కోయసాగాడు. ముక్క మీద ఉప్పు చల్లాడు, కారం అద్దాడు, కళ్లు మూసుకుని కరకరా నమిలాడు.

"ఇంద్రియ నిగ్రహం..." అంటూ శాస్త్రి గుటక వేశాడు.

కూచన ఇంకో ముక్క కోశాడు.

"నిగ్రహం అనగా..." మళ్లీ గుటక. సన్నాయి ఊదేవాడి ముందు చింతకాయ తిన్నట్టయింది. శాస్త్రి ఉత్తరీయం మూతికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇదేం పని కూచనా?" అన్నాడు రాజు.

"నా వాదన వినిపిస్తున్నాను మహారాజా. సెలవైతే శాస్త్రిగారిని ఒక్కటి అడుగుతాను."

"అడుగు."

కూచన లేచి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు.

"శాస్త్రిగారూ, తమరికి ఎన్నో నెలండీ?"

సభ గొల్లుమంది. తెర వెనక రాణిగారు ఎన్నాళ్లకో నవ్వారు.

"అంతఃపురానికి బుట్టెడు మామిడికాయలు పంపండి," అన్నాడు రాజు.

"బుట్టెడు వద్దు మహారాజా, రెండు ముక్కలు చాలు. అవి నంజుకుంటూ అమ్మగారు కంచెడు అన్నం తింటారు."

రాజు హారం తీసి కూచన మెడలో వేశాడు. శాస్త్రి కాదనలేదు. అప్పటికే ఆయన నోట్లో ముక్క ఉంది.