గట్టు కాపరి చెప్పిన అబద్ధం

అనగనగా ఒక అడవి. ఆ అడవి పక్కనే పెద్దవాగు. వాగేమో ఎత్తులో, అడవేమో పల్లంలో. వానాకాలం వస్తే వాగు ఎర్రగా పొంగి అడవి మీదికి తోసుకొచ్చేది. అయినా అడవి మునిగేది కాదు. ఎందుకని? వాగుకీ అడవికీ నడుమ ఒక మట్టిగట్టు ఉంది. తాతల నాటి గట్టు అది.

ఆ గట్టు ఊరికే నిలబడలేదు, పిల్లలూ. అడవిలో ఎవరు కొత్తగా బొరియ కట్టుకున్నా ముందు గట్టు మీద ఏడు రాళ్లు పెట్టాలి. రాళ్ల సందున ఒక వట్టివేరు దుబ్బు నాటాలి. అది అక్కడి కట్టుబాటు. వాటిని గట్టు రాళ్లు అనేవారు. అడవిలో ఇళ్లు పెరిగిన కొద్దీ గట్టూ పెరిగేది.

ఆ గట్టుకు కాపరి కంపమ్మ అనే ఏదుపంది. ఒళ్లంతా ముళ్లే గానీ మనసు మాత్రం పిరికిది. చిన్నప్పుడు ఒకసారి వాగులో కొట్టుకుపోయి, ఏదో చెట్టు వేరు దొరకబట్టి బయటపడింది. అప్పటినుంచీ నీళ్ల చప్పుడు వింటే చాలు, ఆమె గుండె దడదడలాడేది. ఆ భయమే ఆమెను మంచి కాపరిని చేసింది. రోజూ పొద్దున్నే గట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచేది. మట్టికి చెవి ఆనించి వినేది. ఎక్కడ నేల మెత్తబడిందో, ఎక్కడ చెద పట్టిందో ఆమెకు తెలుసు. అడవికి పెద్ద కొమ్మన్న అనే ముసలి దుప్పి. కంపమ్మను అడగనిదే గట్టు సంగతి ఏదీ తేల్చేవాడు కాదు.

ఆ అడవిలోనే గుల్లయ్య అనే పందికొక్కు ఉండేవాడు. నేలను గుల్ల చేయడంలో అతణ్ణి మించినవాడు లేడు. మొదట తన బొరియ తాను తవ్వుకున్నాడు. తర్వాత పక్కవాళ్లకు తవ్విపెట్టి, తవ్వినందుకు దుంపలు పుచ్చుకున్నాడు. చూస్తుండగానే యాభై పందికొక్కులు అతని వెనక చేరాయి. గట్టు కిందనున్న పల్లపు పచ్చికలో వరసలు వరసలుగా బొరియలు తవ్వసాగాయి. అందరూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘానికి గుల్లయ్యే పెద్ద. అతను మాత్రం పచ్చికలో ఉండేవాడు కాదు. గుట్ట మీద కాపురం.

సంఘానికి రెండు కోరికలు ఉండేవి. గట్టు రాళ్ల కట్టుబాటు ఎత్తేయాలన్నది మొదటిది. రాళ్లు లేకపోతే బొరియలు తొందరగా అమరుతాయి. వాగు అవతలినుంచి గట్టు మీదుగా పచ్చికలోకి దిగే కాలిబాటను వెడల్పు చేయాలన్నది రెండోది. బాట పెద్దదైతే అవతలి అడవులవాళ్లు ఆ బొరియల కోసం తండోపతండాలుగా వస్తారు.

ఒకనాడు గుల్లయ్య తియ్యటి దుంపలు పట్టుకుని కంపమ్మ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, బాగున్నావా? ఎండనక వాననక గట్టు మీద తిరిగి చిక్కిపోయావు. రాళ్ల సంగతి తేల్చే సభలో నువ్వొక్క మాట అంటే చాలు. గట్టుకు భయం లేదు, రాళ్లు అక్కర్లేదు అను."

"దుంపలు తీసుకుపో తమ్ముడూ," అంది కంపమ్మ. "గట్టు రాళ్లు తింటుంది. రాళ్లు మానేస్తే మనల్నే తింటుంది."

రెండోసారి గుల్లయ్య తన వెంట చెంగి అనే కుందేలును తీసుకొచ్చాడు. చెంగి నిండు చూలాలు. అకాల వానకు ఒళ్లంతా తడిసి వణుకుతోంది.

"చూడక్కా! ఈ పిల్ల నేడో రేపో కనేలా ఉంది. బొరియ సిద్ధంగా ఉంది. ఏడు రాళ్లు మోయలేక పొద కింద తడుస్తోంది. ఈ పాపం ఎవరిది?"

కంపమ్మ మనసు కరిగిపోయింది. "అమ్మా చెంగీ, నీ రాళ్లు నేను మోస్తాలే. నువ్వెళ్లి లోపల పడుకో."

"వద్దత్తా," అంది చెంగి. "కానుపయ్యాక నేనే మోస్తాను. కాస్త గడువిస్తే చాలు."

గడువిస్తే చాలట! కంపమ్మకు ప్రాణం లేచొచ్చింది. "విన్నావా గుల్లయ్యా? మోయలేనివాళ్లకు గడువిద్దాం. సభలో నేనే ఆ మాట అడుగుతాను."

గుల్లయ్య మొహం మాడిపోయింది. అతనికి కావలసింది గడువు కాదు. "పద, పద" అంటూ చెంగిని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు.

మూడోసారి గుల్లయ్య రాలేదు. చప్పుడు వచ్చింది.

కర్... కర్... కర్...

సాయంత్రం కంపమ్మ తన బొరియలో నడుం వాల్చింది. చప్పుడు కిందినుంచి వస్తోంది. సరిగ్గా ఆమె పడుకున్న చోటి కిందినుంచే. ఎవరో మట్టిని కొరుకుతున్నారు. ఒక్కరు కాదు, చాలామంది.

"ఎవరది?" అంది కంపమ్మ.

చప్పుడు ఆగింది. ఆమె మళ్లీ తల వాల్చగానే మొదలైంది. కర్... కర్... కర్... అలా మూడు రోజులు. మూడు రోజులూ ఆమెకు కంటిమీద కునుకు లేదు. మూడో నాడు నేలలో ఓ ముక్క దబ్బున కూలింది. ఆ కన్నంలోంచి గుల్లయ్య తల పైకి వచ్చింది. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు.

"అయ్యయ్యో అక్కా! దారి తప్పి ఇటు తవ్వాం. నీ ఇంటి నేల ఇంత గుల్లగా ఉందేమిటి? ఎప్పుడు మీద పడుతుందో ఏమో! జాగ్రత్త సుమా. అన్నట్టు, సభ రేపే."

మర్నాడు సభ జరిగింది. అడవంతా వచ్చింది. యాభై పందికొక్కులు కంపమ్మ చుట్టూ సర్దుకుని కూర్చున్నాయి. గుల్లయ్య లేచి గొంతు సవరించుకున్నాడు.

"అయ్యలారా! అమ్మలారా! మన అడవి పెద్దది కావాలా వద్దా? పిల్లాపాపలకు గూడు కావాలా వద్దా? ఈ రాళ్లే మన కాళ్లకు అడ్డం పడుతున్నాయి. మీరు పుట్టాక ఈ గట్టు ఎప్పుడైనా తెగిందా?"

"లేదు!" అన్నారంతా.

"తెగని గట్టుకు ఇంకా రాళ్లెందుకు?"

"ఎందుకు? ఎందుకు?" అని అరిచారు.

కొమ్మన్న కొమ్ములు ఊపి అందర్నీ ఆపాడు. "కంపమ్మా, గట్టు కాపరివి నువ్వు. నువ్వు చెప్పు. రాళ్లు ఆపితే గట్టుకు భయం లేదా?"

కంపమ్మ లేచింది. గడువు మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో పక్కనే ఎవరో నేలను గీరారు. కర్... చాలా మెల్లగా. ఆమెకొక్కదానికే వినిపించేలా.

"భయం... భయం లేదు," అంది కంపమ్మ.

అంతే. సభ ముగిసింది.

ఆ రోజునుంచి గట్టు మీద ఒక్క రాయీ పడలేదు. బాట పని మొదలైంది. బాటకు అడ్డమొచ్చిన పొదలన్నీ పెరికేశారు. బాట గట్టు దాటే చోట ఎక్కడం కష్టంగా ఉందని గట్టునే కాస్త కోశారు. అవతలినుంచి కుటుంబాలు బిలబిలా దిగాయి. నెల తిరక్కముందే బాట కిక్కిరిసింది. ఇంకా వెడల్పు చేయాలంది సంఘం. చేశారు. వెడల్పైన కొద్దీ వచ్చేవాళ్లు పెరిగారు. వచ్చేవాళ్లు పెరిగిన కొద్దీ బాట మళ్లీ ఇరుకైంది. మూడోసారి కూడా వెడల్పు చేశారు. చేసిన ప్రతిసారీ గట్టును ఇంకాస్త కోశారు. దూరంనుంచి చూస్తే గట్టు ముందుపన్ను ఊడిన నోరులా ఉంది.

చెంగికి పచ్చికలో బొరియ దొరికింది. ముగ్గురు పిల్లలు పుట్టారు. ఒకసారి దారిలో కనబడి, "అత్తా, పిల్లల్ని చూడ్డానికి రావూ?" అని పిలిచింది. కంపమ్మ వెళ్లలేదు. వెళ్లడానికి మొహం చెల్లలేదు.

వానాకాలం వచ్చింది. ఒకరోజు పొద్దున్న కంపమ్మ గట్టు దిగువన నడుస్తుంటే కాలికి చల్లగా తగిలింది. వంగి చూసింది. గట్టు చెమరుస్తోంది. చెవి ఆనించింది. లోపల ఎవరో గుటకలు వేస్తున్నట్టు చప్పుడు. గుటక్... గుటక్...

పరుగున గుట్టెక్కి గుల్లయ్య ముందు నిలబడింది. "గుల్లయ్యా! గట్టులోకి నీళ్లు దిగాయి. పచ్చిక ఖాళీ చేయించు!"

గుల్లయ్య దుంప నములుతూ తాపీగా అన్నాడు. "అక్కా, నిండు సభలో భయం లేదన్నదెవరు? నువ్వే. ఇప్పుడు భయం ఉందంటే నిన్నేమంటారు? అప్పుడు అబద్ధమాడిందా, ఇప్పుడాడుతోందా అని అడగరూ? నోరు మూసుకుని ఇంటికి పో. వాన నాలుగు రోజుల్లో అదే వెలిసిపోతుంది."

కంపమ్మ ఇంటికి వచ్చేసింది. ఒకరోజు ఊరుకుంది. ఇంకో రోజు ఊరుకుంది. తిండి సహించలేదు. ఆకు కదిలినా ఉలిక్కిపడేది. తెలిసి దాచుకున్న భయం ఉందే, అది కడుపులో నిప్పు పెట్టుకున్నట్టుంటుంది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నమే ఆకాశం నల్లగా మూసుకుపోయింది. పిట్టలు అరవడం మానేశాయి. పైనెక్కడో కొండల్లో కుండపోత కురిసింది. పెద్దవాగు హోరుమంటూ వచ్చింది. కంపమ్మ గట్టెక్కి చూసింది. ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతూ కోసిన చోటికి జానెడు కిందిదాకా వచ్చేశాయి. చూస్తుండగానే ఆ ఎడం బెత్తెడైంది. ఆమె కాళ్ల కింద గట్టు సన్నగా వణికింది.

కంపమ్మ ఇక ఆగలేదు. ముళ్లు గలగలలాడించుకుంటూ పెద్దబాట వెంట కిందికి ఉరికింది. "గండి పడబోతోంది! లేవండి! గుట్టెక్కండి! పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తండి!"

బొరియల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఒక ముంగిస నవ్వింది. "భయం లేదన్నావుగా కంపమ్మా? ఇప్పుడేమొచ్చింది?"

"అబద్ధం చెప్పాను! బెదిరిపోయి అబద్ధం చెప్పాను! నా తప్పు తర్వాత తేల్చుదురుగాని, ముందు పరుగెత్తండి!"

వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నమ్మాలా వద్దా అని ఆలోచించారు. అలా ఆలోచిస్తుండగానే పైన ఫెళ్లుమంది.

గట్టు కోసిన చోటే తెగింది. నీళ్లు ఎటు పోవాలో వెతుక్కోలేదు. చదును చేసిన బాట పొడుగునా, చెట్టూ పుట్టా అడ్డం లేకుండా, నేరుగా పచ్చికలోకి దూకాయి. అప్పుడు పరుగెత్తారందరూ. ఎవరు ఎవర్ని తొక్కుతున్నారో తెలియలేదు. చెంగి ఒక పిల్లను నోట కరుచుకుని పైకి వచ్చింది. కంపమ్మ ఇంకో పిల్లను కరుచుకుంది. ఇద్దరూ పడుతూ లేస్తూ గుట్ట మొదట్లోకి చేరారు. చెంగి పిల్లను దింపి, మూడోదాని కోసం వెనక్కి ఉరికింది.

"వద్దే చెంగీ!" అని కంపమ్మ అరిచింది.

చెంగి వెళ్లేసరికి బొరియ ఉన్నచోట నీళ్లు బుడబుడలాడుతున్నాయి. కొమ్మన్న నీళ్లలోకి దిగి, కొమ్ములతో ఆమెను ఎత్తి బయటపడేశాడు. లేకపోతే ఆమె కూడా దక్కేది కాదు. మూడో పిల్ల మరి దొరకలేదు. ఆ రోజు దొరకనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

సాయంత్రానికి వాగు తీసింది. బతికినవాళ్లంతా గుట్ట మీద వణుకుతూ కూర్చున్నారు. గుల్లయ్య అందరికంటే ముందు నోరు విప్పాడు. "అయ్యో, ఎంత ఘోరం! మేమేం చేస్తాం? కాపరే భయం లేదంది. ఆమె మాట నమ్మి మోసపోయాం."

అందరి చూపులూ కంపమ్మ మీదికి తిరిగాయి. ఆమె తల ఎత్తలేదు. కానీ ఈసారి గొంతు వణకలేదు.

"నిజమే. గట్టు ఆగదని నాకు తెలుసు. రాళ్లకు గడువిస్తే సరిపోతుందనీ తెలుసు. నా ఇంటి కింద పళ్ల చప్పుడుకు జడిసి తెలిసీ అబద్ధం చెప్పాను. గట్టు చెమర్చింది చూసి కూడా రెండు రోజులు దాచాను. గుల్లయ్య బెదిరించాడు. బెదిరింది మాత్రం నేను."

కొమ్మన్న నిట్టూర్చాడు. "ఆ రోజు నీ గొంతు వణకడం నేను విన్నాను కంపమ్మా. విని కూడా ఎందుకని అడగలేదు. నా తప్పూ ఉంది." తర్వాత పందికొక్కుల వైపు తిరిగాడు. "గండి పూడే దాకా మీ సంఘం ఒక్క బొరియ తవ్వడానికి వీల్లేదు. మిగిలినవాళ్లందరూ మట్టి మోయండి. ముందు నువ్వు మొయ్యి గుల్లయ్యా."

గుల్లయ్య కిందికి చూశాడు. పచ్చిక ఉండాల్సిన చోట బురద తప్ప ఏమీ లేదు. ఆ బురద ఒడ్డునే చెంగి కూర్చుని ఉంది. అతను గుట్ట దిగి మట్టి ఎత్తడం మొదలుపెట్టాడు.

గండి పూడటానికి మూడు నెలలు పట్టింది. కట్టుబాటు మళ్లీ వచ్చింది. మోయలేనివాళ్లకు గడువిచ్చారు. అడగకుండానే సాయం చేయడానికి పక్కవాళ్లూ వచ్చారు. కొమ్మన్న ఇంకో కొత్త కట్టుబాటు కూడా పెట్టాడు. గట్టు సంగతిగానీ బాట సంగతిగానీ ఇకమీదట చెట్టు నీడన కూర్చుని మాట్లాడకూడదు. వానాకాలంలో గట్టు మీద నిలబడి, కాళ్ల కింద వాగు హోరు వింటూ మాట్లాడాలి. ఏం చెప్పదలచుకున్నా అక్కడే చెప్పాలి.

చెంగి తన ఇద్దరు పిల్లల్నీ తీసుకుని గుట్ట అవతలికి వెళ్లిపోయింది. దారిలో కంపమ్మ ఎదురైతే పక్కకు తప్పుకుని పోయేది తప్ప పలకరించేది కాదు. కంపమ్మ కూడా క్షమించమని అడగలేదు. అడిగే హక్కు తనకు లేదనుకుంది. పొద్దున్నే లేచి, గట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచి, మట్టి మెత్తబడ్డ ప్రతిచోటా ఆగి, ఆ సంగతి అడవంతా వినేలా గట్టిగా అరిచి చెప్పేది.

నీతి: పదిమందినీ కాచే పని మీద కాపలా ఉన్నవాళ్లు, తమకు వచ్చే భయానికి లొంగి అపాయాన్ని దాచకూడదు; దాచిన అపాయం ముందుగా ఏ పాపం ఎరుగనివాళ్లనే పట్టుకుంటుంది.