కూత వినబడినంత మేర

పూర్వం నల్లమల కొండలకు పడమటగా, చెట్టన్నది కంటికి ఆనక, మోకాలెత్తు గడ్డి మాత్రమే ఆకాశపు అంచుదాకా అలలు అలలుగా పరుచుకొని ఉన్న ఒక మహా బీడును నాగప్పనాయకుడనే పాళెగాడు ఏలుతూ ఉండేవాడు. ఆ బీడుకు అధిదేవత బీడమ్మ. ఆమెకు గుడి లేదు, విగ్రహం లేదు, పూజారి లేడు. పశువుల కాపరులు ఆ దారిన పోతూ గుప్పెడు గడ్డి కలిపి ముడివేసి, తల్లీ చల్లగా చూడు అని దండం పెట్టుకొని సాగిపోయేవారు. అంతకు మించిన అర్చనను ఆ తల్లి కోరలేదు.

ఆ గడ్డిలో బట్టమేక పిట్టలు వసించేవి. నిలబడితే మనిషి నడుమును అందుకొనేంత ఎత్తు, నెత్తిన నల్లని టోపీ, తెల్లని పొడవాటి మెడ, నేల రంగు వీపు కలిగి, అవి గడ్డిలో నడుస్తుంటే దొరసానులు తోటలో విహరిస్తున్నట్లుండేది. ఆ పక్షి కొమ్మ మీద వాలదు, గూడు కట్టదు. ఏడాదికి ఒక్కసారి వట్టి నేల మీద ఒక్క గుడ్డు పెట్టి, దాని మీద కూర్చొని, వానకూ ఎండకూ తన రెక్కలనే కప్పుగా చేసుకుంటుంది. మనిషి అలికిడి ఆమడ దూరాన ఉండగానే పసిగట్టే ఆ పక్షికి ఎద్దు అంటే మాత్రం భయం లేదు. ఎద్దు గడ్డి తింటుంది, తాను మిడతలను తింటుంది, ఇద్దరి మధ్య ఏనాడూ తగవు లేదు.

ఆ నమ్మకమే దానికి మృత్యువయింది. నాగప్పనాయకుని వేటగాళ్ళు ఎద్దును ముందు నడిపిస్తూ, దాని డొక్క చాటున నక్కి నక్కి పోయి, చేతికి అందేంత దగ్గర నుంచి బాణం వేయడం నేర్చారు. నాయకుడు స్వయంగా అందులో ఆరితేరినవాడు. పండుగకొకటి, చుట్టానికొకటి చొప్పున పిట్టలు తగ్గిపోతూ వచ్చాయి. గడచిన వసంతంలో ఆయన ఒక పెద్ద మగపిట్టను కొట్టి తెచ్చినప్పుడు, ఇక ఈ బీడులో పోతు కూత వినబడదని ముసలి కాపరి ఒకడు అన్నాడట. నాయకుడు నవ్వి ఊరుకున్నాడు.

ఆ కాలంలోనే దక్షిణదేశాన ఘోరమైన క్షామం సంభవించింది. బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చిన కాపుల గుంపు ఒకటి ఆ బీడు అంచున దిగింది. ఆ గుంపులో సుంకమ్మ అనే ఇల్లాలు ఉంది. భర్తనూ, ఇద్దరు ఆడపిల్లలనూ దారిలోనే మట్టికి ఇచ్చి, మిగిలిన ఒక్కగానొక్క కొడుకు బయన్నను వెంటబెట్టుకొని వచ్చింది. చిన్నపిల్లను పూడ్చిన నాటినుంచి ఆమె మాట తగ్గిపోయింది. అడిగిన దానికి చెప్పేది, అడగనిది చెప్పేది కాదు. కొడుకు అన్నం తింటుంటే మాత్రం చేసే పని ఆపి చూసేది.

నాయకుడు వారి దైన్యం చూసి జాలిపడి, బీడంతా దున్నుకొని బతకండని మాట ఇచ్చాడు. అయితే కొత్త నేలకు ఒక కట్టు ఉంది. ఏరువాక పున్నమి నాడు మొదటి సాలును తూర్పు పొలిమేర నుంచి పడమటి పొలిమేర దాకా, ఎద్దులను ఆపకుండా, నాగలి మేడి మీద చెయ్యి తియ్యకుండా ఒక్క ఊపున తోలాలి. నడుమ సాలు తెగితే ఆ నేల పంట ఇవ్వదు. తెంపిన ఇంటివారితో ఎవరూ పొత్తు కలవరు. గుంపుకు పెద్ద గోపిరెడ్డి ఆలోచించి, చెయ్యి నికరమైనవాడని బయన్నను ఎంచాడు. దున్నేవాని కన్నతల్లి పసుపునీళ్ళ చెంబుతో ఎద్దులకు ముందు నడుస్తూ సాలు పొడుగునా నీళ్ళు చిలకరించడం వారి ఆచారం. ఆ విధంగా సుంకమ్మ అందరికంటే ముందు నడిచింది.

తప్పెట్లు మోగాయి. కర్రు దిగింది. కన్నెనేల చీలుతుంటే వచ్చే వాసనకు ఏడాదిగా మన్ను ముట్టని ఆ కాపుల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుంకమ్మ నీళ్ళు చల్లుతూ, వెనక ఎద్దుల గిట్టల చప్పుడు వింటూ నడుస్తున్నది. బీడు నడిమికి వచ్చేసరికి ఆమె ఎదుట, సాలు పోవలసిన తిన్నని దారిలో, బట్టమేక పెట్ట ఒకటి నేలకు కరుచుకొని కూర్చొని ఉంది. రెక్క సందు నుంచి గుడ్డు అంచు కనబడుతూ ఉంది.

పెట్ట ఆమెను చూసి మెడ నిక్కించింది. ఆమె వెనక వస్తున్న ఎద్దులను చూసి మళ్ళీ మెడ దించుకొని నిమ్మళంగా సర్దుకుంది. ఎద్దులే కదా, పక్కగా పోతాయిలే అన్నట్టు. సుంకమ్మ పక్కకు తప్పుకొని నడిచిపోతే చాలు, ఎవరికీ తెలియదు. సాలు పూర్తవుతుంది, కొడుకుకు నేల దక్కుతుంది. ఆమె తప్పుకోలేదు. చెంబు ఒడిలో పెట్టుకొని, పిట్టకు అడ్డంగా ఎద్దులకు ఎదురుగా చతికిలబడింది.

“అమ్మా, లెయ్. సాలు ఆగుతాది,” అన్నాడు బయన్న.

ఆమె లేవలేదు. తల్లి మీదుగా ఎద్దులను తోలలేక బయన్న పగ్గం బిగించాడు. సాలు ఆగింది. తప్పెట్లు ఒకటొకటిగా ఆగిపోయాయి.

గోపిరెడ్డి ఆయాసపడుతూ వచ్చాడు. “ఏమ్మా సుంకమ్మా, ఎండదెబ్బ తగిలిందా? కూచోడానికి ఇదే చోటు దొరికిందా నీకు?”

“గుడ్డు మీద ఉందన్నా.”

“ఉంటే పక్కకు జరిపితే పోలేదా?”

“మనిషి చెయ్యి పడితే మళ్ళీ పొదగదు.”

వెనకనుంచి ఒక ముసలమ్మ, “కూరకు ఆశపడినట్టుంది లేరా. ముందే చెప్పుంటే పట్టించి ఇచ్చేవాళ్ళం కదా,” అంది. కొందరు నవ్వారు. తక్కినవారు నవ్వలేదు. వారు తెగిన సాలునే చూస్తున్నారు.

ఇంతలో నాగప్పనాయకుడు గుర్రం మీద వచ్చి, సంగతి విని, కోపోద్రిక్తుడై దిగాడు. తాను ఇచ్చిన నేలకు తన కళ్ళముందే అపశకునం జరగడం ఆయనకు మహాపరాభవంగా తోచింది. సుంకమ్మను ఈడ్పించి పక్కన నిలబెట్టించి, బయన్న చేతిలోని ములుకోల లాక్కొని, మేడి తానే పట్టి, ఎద్దులను పిట్ట మీదికి అదలించాడు. ఎద్దులు కదిలాయి. పెట్ట కదలలేదు. దాని కళ్ళలో ఇప్పటికీ ఎద్దుల మీది నమ్మకమే ఉంది. అది చూడలేక సుంకమ్మ కళ్ళు మూసుకుంది.

అప్పుడు ఒక ధ్వని పుట్టింది. అది మొదట చెవికి కాక అరికాళ్ళకు తెలిసింది. దూరాన ఉరిమినట్టు, కొండగుహలో పులి మూలిగినట్టు, భూమి తన లోతుల్లోనుంచి ఒక్క అక్షరాన్ని పలికినట్టు ఉన్న ఆ గంభీరనాదానికి జనం తలలెత్తి చూశారు. ఆకాశాన మబ్బు తునక లేదు. రెండోసారి ఆ ధ్వని రాగానే ఎద్దులు రెండూ ముందుకాళ్ళు మడిచి, కాడితో సహా పెట్ట ఎదుట మోకరిల్లాయి. కర్రు దానంతటదే నేల విడిచి పైకి లేచింది.

పడమటి గడ్డిని చీల్చుకుంటూ బట్టమేక పోతు ఒకటి నడిచి వచ్చింది. తోకను వీపు మీదికి విసనకర్రలా విప్పి, తల వెనక్కి వాల్చి, కంఠం కింద తెల్లని సంచి నేల ముట్టేలా వేలాడదీసుకొని, ప్రతి అడుగుకూ ఆ మహానాదం చేస్తూ వచ్చింది. ఇన్ని వందలమంది మనుషులను అది లెక్కచేయలేదు. ఈ జాతి పోతులలో చివరిదాన్ని తానే చంపానని నమ్మిన నాయకుని చేతినుంచి ములుకోల జారిపడింది. ఆయన తన తలపాగా తీసి చంకలో పెట్టుకొని, బీడమ్మే ఆ రూపాన వచ్చిందేమోనని తోచి, ఆ పక్షినే అడిగాడు.

“ఎవరు తల్లీ నువ్వు?”

సుంకమ్మ అంది:

“దానికి ఒక్కటే గుడ్డు సామీ. నాకూ ఒక్కడే.”

నాయకుడు తల దించుకొని ఈ విధంగా ఆజ్ఞాపించాడు. “ఈ కూత ఎంతదూరం వినబడితే అంతదూరం బీడమ్మది. అక్కడ కర్రు దిగరాదు, బాణం లేవరాదు. నలుగురు నాలుగు దిక్కులకూ నడవండి. కూత వినబడని చోట రాయి నాటండి. రాయికి అవతలి నేలంతా మీదే.”

గుంపులోనుంచి నలుగురు బయలుదేరారు. తూర్పుకు గోపిరెడ్డి కొడుకు పోయాడు. పడమటికి బయన్నను పంపారు. సాలు తెంపినవాడివి, రాయైనా సరిగ్గా నాటి రారా అని గోపిరెడ్డి వాని చెవిలో చెప్పడం సుంకమ్మ విన్నది. సరిగ్గా అంటే ఏమిటో అందరికీ తెలుసు. పడమటి వైపే నల్లరేగడి ఉంది, రాయి దానికి ఇవతలే పడాలి.

ముగ్గురు ఎండ నడినెత్తికి రాకముందే తిరిగి వచ్చారు. కొద్ది దూరంలోనే కూత ఆగిపోయిందన్నారు. మన వాటాకు లోటు లేదని జనం తేరుకున్నారు. బయన్న రాలేదు. పొద్దు వాలింది, రాలేదు. పోతు కూస్తూనే ఉంది. సుంకమ్మ తెగిన సాలు పక్కన కూర్చొని పడమటి దిక్కే చూస్తూ ఉంది. వాడు త్వరగా రావాలని ఆమె పేగు కోరింది. త్వరగా వస్తే వాని ముఖం ఎట్లా చూడాలో ఆమెకు తెలియలేదు.

సందెవేళకు బయన్న దుమ్ము కొట్టుకొని వచ్చాడు.

“యాడ నాటినావురా?” అన్నాడు గోపిరెడ్డి.

“గుండ్లమిట్ట కాడ.”

“గుండ్లమిట్టా? రేగడంతా లోపలే పోయింది కదరా. ఇంక మిగిలింది రాళ్ళే. అంతదూరం ఎట్లా వినబడిందిరా నీకు?”

“వినబడింది మామా.”

“మావాళ్ళకు వినబడలేదే?”

“వాళ్ళ సంగతి నాకేం తెలుసు? నాకు వినబడింది.” వాడు తల్లి దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, “రేగడి చూసి ఆగినానమ్మా. రాయి కూడా దించినా. కాళ్ళు ఆగినాయి గాని కూత ఆగలేదు. మళ్ళీ ఎత్తుకున్నా,” అన్నాడు. సుంకమ్మ కొంగుతో వాని ముఖం తుడిచింది.

సాలు తెంపిన ఇల్లని ఎవరూ పొత్తు కలవకపోవడంతో, తల్లీకొడుకులు గుండ్లమిట్ట అవతల, రాయి పక్కనే పాక వేసుకున్నారు. రాళ్ళు ఏరి కొర్రలు చల్లారు. తక్కినవారు మూడు దిక్కులా తమ రాళ్ళ అవతల సేద్యం మొదలుపెట్టారు. గుడ్డు పగిలి, పెట్ట వెనక పిల్ల నడవసాగింది. గడ్డిలో ఆ రెండు మెడలనూ, ఒకటి పొడుగు ఒకటి పొట్టి, చూసినప్పుడల్లా సుంకమ్మ చేతులు వాటంతటవే జోడయ్యేవి.

అయితే దగ్గరలోనే రాళ్ళు నాటి వచ్చిన ఆ ముగ్గురికీ ఒక వింత బాధ పట్టుకుంది. కూత వారి చెవులను వదలలేదు. మేడి పట్టినా వినబడేది, అన్నం ముందు కూర్చున్నా వినబడేది, చెవుల్లో దూది కుక్కుకున్నా లోపలినుంచి వినబడేది. పక్కన కూర్చున్నవారికి ఏమీ లేదు. మొదట ఉత్తరం రాయివాడు ఎవరికీ చెప్పకుండా పోయి, తన రాయిని పెరికి, ఇంకా దూరంగా నాటి వచ్చాడు. ఆనాటి నుంచి వానికి నిద్ర పట్టింది. తరువాత దక్షిణం రాయివాడు. చివరకు గోపిరెడ్డి కొడుకు తండ్రి కాళ్ళు పట్టుకొని, “నాయనా, మన చేను పోతే పోయింది. నేను రాయి జరుపుతా,” అన్నాడు.

కొడుకు రాయి జరిపి వచ్చిన తరువాత గోపిరెడ్డి ఒంటరిగా గుండ్లమిట్టకు నడిచి వచ్చి, సుంకమ్మ పాక ముందు కూర్చొని, మంచినీళ్ళు అడిగి తాగాడు. ఆ ఇంటి నీళ్ళు తాగడంతో వెలి తీరింది.

“నీ కొడుకు చెవుల్లో ఏముందమ్మా, మొదటిసారికే వినబడడానికి?”

“ఏమీ లేదన్నా. అందుకే వినబడింది.”

ఆ పిమ్మట, చేలన్నీ రాళ్ళ లోపలికి పోవడంతో, గుంపంతా కదిలివచ్చి ఆ రాతినేలలోనే ఊరు కట్టుకుంది. దానికి కూతమేర అని పేరు నిలిచింది. అక్కడ రాసులు పోసినట్టు పంటలు పండలేదు. కొర్రలు పండినంత పండాయి. ఆ ఊరినుంచి ఆకలికి ఎవరూ వలస పోలేదని మాత్రం పెద్దలు చెబుతారు.

నేటికీ ఆ బీడు నడుమ తెగిన సాలు గుర్తు ఉంది. అది తూర్పునుంచి వచ్చి ఒకచోట ఆగిపోతుంది. అక్కడే బీడమ్మకు స్త్రీలు గడ్డిముడులు వేస్తారు. గుడి కట్టరాదు, దీపస్తంభం నిలపరాదు, ఆ చోట నీడ పడరాదని కట్టు. తూర్పు, ఉత్తర, దక్షిణ దిక్కుల్లో పెరికిన రాళ్ళ తాలూకు గుంటలు మూడు ఇప్పటికీ పూడలేదు. వానాకాలం వాటిలో నీళ్ళు నిలిస్తే పిట్టలు వచ్చి తాగుతాయి. గుండ్లమిట్ట దగ్గర గుంట లేదు. అక్కడ రాయి ఒక్కసారే నాటబడింది.

ఏరువాక పున్నమి నాడు కూతమేర కాపులు తెల్లవారగానే ఎద్దులను కట్టి, పసుపునీళ్ళ చెంబులు పట్టుకున్న తల్లులను ముందు నిలిపి, ఆ రాయి దగ్గర బారులు తీరుతారు. బీడులోనుంచి కూత వినబడేదాకా ఏ కర్రూ దిగదు. వెనకటి తరంవారికి సూర్యుడు పైకి రాకముందే వినబడేదట. ఇప్పుడు పొద్దెక్కుతుంది, ఒక్కొక్క ఏడు పొద్దు వాలుతుంది. అయినా ఎవరూ మాట్లాడరు, పసిపిల్లలను సైతం ఏడవనివ్వరు. అరికాళ్ళతో వింటూ నిలబడతారు. ఒక ఏడు వినబడకపోతే ఏం చేస్తారని అడిగితే, ఆ ఊరివారు అడిగినవారి చేతికి ఒక ఎద్దు పగ్గం ఇచ్చి, ఇట్లా వచ్చి నిలబడమంటారు.