నాలుగో కబురు

నాగభూపతి మహారాజుకు ఆజ్ఞాపించడం తప్ప మరోలా మాట్లాడటం రాదు. మాట పట్టింపుతో పుట్టింటి గడప తొక్కడం మానేసిన కూతురికి "వెంటనే బయలుదేరు" అని మూడుసార్లు కబురు పంపాడు. ఆమె రాలేదు.

నాలుగోసారి పంపబోతే, కబురు మోసే కొమరయ్య కదల్లేదు.

"నాన్నగారు ఏమైనా అడిగారా అని అమ్మాయిగారు ప్రతిసారీ అడుగుతున్నారు ప్రభూ. ఏం చెప్పమంటారు?"

"అడగడానికేముంది?" విసుక్కున్నాడు రాజు.

"నాకేం తెలుసు. నేను తాతను కాను గదా."

రాజు నేలచూపులు చూస్తూ, "పాపకు నడక వచ్చిందా?" అన్నాడు.

కొమరయ్య ఆ ఒక్క ప్రశ్నే మోసుకెళ్ళాడు. వారం తిరక్కుండా కూతురు వచ్చింది. ఆమె చంక దిగిన మనవరాలు పరుగెత్తుకుంటూ వచ్చి, చేతులు చాచి నిలబడ్డ రాజును దాటుకుని, నాలుగుసార్లు చూసిన కొమరయ్య కాళ్ళను చుట్టేసుకుంది.